ఎం.ఎడ్. దరఖాస్తు, పెద్దమ్మ నడుం నొప్పి

అనసూయమ్మ సంచెడు కొల్లాపూర్ మామిడిపండ్లు మోసుకుని వనపర్తి నుంచి గద్వాలకు బస్సులో వచ్చిందంటే, దాని వెనక ఏదో పని ఉందని నాకు గడపలోనే అర్థమైంది. ఊరికే పండ్లు పంచే చెయ్యి కాదు అది. ఆమె భర్త వనపర్తిలో నడిపిన ప్రైవేటు బడిలో నేను బి.ఎడ్. అయిన వెంటనే చేరి మూడేళ్లు లెక్కలు చెప్పాను. ఆ మూడేళ్లలో, బడిని ఆనుకునే ఉన్న వాళ్ల ఇంటి వరండా దాటి నన్నెవరూ లోపలికి రమ్మనలేదు. సారు పోయి చాలా కాలమైంది, బడి కూడా మూతపడింది. ఇప్పుడు నేను గద్వాలలో బి.ఎడ్. కాలేజీ మేడమ్‌ని, ఆమేమో మోకాళ్లు పట్టుకుని మా మెట్లెక్కే ముసలామె. పాత పరిచయమని కరిగిపోయే స్వభావం నాకు లేదు. ముందు సంచి చూస్తాను, తర్వాత నవ్వుతాను.

పని ఇది. ఆమె మనవరాలు, నా దగ్గరే బి.ఎడ్. చదివిన హారిక, ఎం.ఎడ్. ఎంట్రన్సు రాసింది, మంచి ర్యాంకు తెచ్చుకుంది, కౌన్సెలింగుకు వెళితే హైదరాబాదులో సీటు వస్తుంది. ఇంట్లో ఉండేది నాయనమ్మ, మనవరాలు, ఇద్దరే. పిల్ల పోవడం ఈమెకు ఇష్టం లేదు. నేను బుద్ధి చెప్పాలట. "నీ మాటైతే ఇంటది. ఈ ఏడు వద్దను, వచ్చే ఏడు చూద్దమను" అంది. నేనెందుకు అనాలని అడిగాను. ఆమె టెంక చీకుతూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. "ఏడాది ఆగితే ఏం మునుగుతదమ్మా? మీ పెద్దమ్మ నిన్ను ఏడాది ఆపలేదా? ఇప్పుడు నీకేం తక్కువైంది?"

పండు కోస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. పెద్దమ్మ నన్ను ఆపడమేమిటి? నా ఎం.ఎడ్. సీటు కోసం ఒక పూటంతా పరాయి ఇంట్లో బైఠాయించిన మనిషి అని నేను ఇన్నేళ్లుగా ఎదురుపడ్డవాళ్లకల్లా చెప్పుకుంటున్నది ఆమె గురించే కదా. నాకు తెలియదన్న సంగతి అనసూయమ్మకు నా ముఖం చూశాకే తెలిసింది. అయినా సగం మాట మింగే మనిషి కాదు, అడిగిన కొద్దీ చెప్పింది. ఆమె వెళ్లినప్పటి నుంచి నేను ఆ రోజులన్నీ చేటలో పోసుకుని ఏరుతూనే ఉన్నాను.

మాది గట్టు మండలంలో చిన్న పల్లె, వాన మీద బతికే చెల్కలు. ఊళ్లో పెద్ద బడి లేక నాన్న నన్ను వనపర్తిలో అమ్మకు అక్కయిన బాలమణి దగ్గర పెట్టాడు. ఆమెకు పిల్లల్లేరు, భర్త ముందే పోయాడు. రెండు గదుల పెంకుటింట్లో ఉంటూ, దగ్గరలోని హాస్టలుకు జొన్నరొట్టెలు చేసి పంపేది. నా చదువు రోజులన్నీ రొట్టె తట్టే చప్పుడుతోనే మొదలయ్యేవి. పల్లీ పొట్టు వేసిన పొయ్యి పొగ, పెనం మీద మాడిన పిండి వాసన, రోట్లో నూరిన ఉల్లికారం ఘాటు, వీటి మధ్య కూర్చుని నేను త్రికోణమితి బట్టీ పట్టాను. ఇప్పటికీ సైన్ తీటా అంటే నాకు ముక్కులో ఉల్లికారం తగులుతుంది.

పెద్దమ్మ ఈ లోకంలో దేన్నీ నమ్మేది కాదు. పాలు పోయించుకున్నాక ఒక చుక్క గోడకు అద్ది ఎంతసేపు జారుతుందో చూసేది. తలుపుకు తాళం వేసి మూడుసార్లు గుంజి, సందు చివరిదాకా పోయి, మళ్లీ వచ్చి నాలుగోసారి గుంజేది. శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడికి పోతే ఒక చెప్పు తూర్పు వైపు, రెండోది పడమటి వైపు విడిచేది, దొంగకు జత దొరకొద్దని. దర్శనమయ్యాక ఎండకు కాలిన బండల మీద ఒంటి చెప్పుతో కుంటుతూ రెండోదాన్ని వెతుక్కుంటుంటే నేను సిగ్గుతో చచ్చేదాన్ని. అదేమని అడిగితే, "నీకు సిగ్గుంది, నాకు చెప్పులున్నయ్" అనేది. నాకు మాట తిప్పికొట్టడం నేర్పింది ఆమే. అనుమానమూ ఆ ఇంటి నుంచే వచ్చింది. పళ్లెంలో రొట్టెతో పాటు అది కూడా పెట్టేది.

ఆమెకు చదువు రాదు. కాబట్టి తన వస్తువులకు పేరుకు బదులు గుర్తు పెట్టేది. బట్టలుతికే ఈదమ్మ దగ్గర నేర్చుకున్న విద్య అది. నల్లజీడి గింజను సూదితో పొడిస్తే నల్లటి రసం వస్తుంది. దాన్ని బట్ట మూలకు అద్ది సున్నం రాస్తే ఎన్ని ఉతుకులకైనా పోదు. దుప్పట్లకు, జొన్నసంచులకు, నా లంగాలకు, చివరికి చేట అడుగున కూడా మూడు చుక్కలు ఉండేవి. ఆ రసం కాలుతుంది. ఆమె చూపుడువేలి కొన మీద చర్మం ఎప్పుడూ పొరలు పొరలుగా ఊడుతుండేది. ఊడినా మానలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన రోజు కరస్పాండెంటు సారు, అదే అనసూయమ్మ భర్త, ఒరిజినల్ సర్టిఫికెట్లు అన్నీ తెమ్మన్నాడు. పదో తరగతి మెమో నుంచి బి.ఎడ్. దాకా, టీసీలతో సహా బడి బీరువాలో పెట్టాలి. మధ్యలో మానేసి పోకుండా టీచర్లకు వేసే ముకుతాడు అది. అందరూ ఇచ్చేవాళ్లు, నేనూ ఇచ్చాను. ఇచ్చే రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి పెద్దమ్మ ఆ కాగితాలను నేల మీద పరిచి ఏదో చేస్తోందని గమనించాను గానీ, దిష్టి తీస్తోందనుకున్నాను. ఒక్కటే అడిగింది. "అచ్చమైన కాయిదాలు ఆయనకెందుకే? నువ్వు పని చేస్తవా, నీ కాయిదాలు చేస్తయా?" నేను విసుక్కున్నాను. చదువుకున్నవాళ్ల వ్యవహారం నీకేం తెలుసు అన్నాను. ఆ మాట అనడానికి నాకు అప్పుడు చాలా తేలిగ్గా నోరొచ్చేది.

రెండో ఏడు ఎండాకాలంలో నేను ఎం.ఎడ్. దరఖాస్తు ఫారం తెచ్చుకున్నాను. బి.ఎడ్.తో ఆగితే జీవితాంతం ఎవరో ఒక సారు బీరువాలో నా కాగితాలు ఉండాల్సిందే, ఎం.ఎడ్. ఉంటే టీచర్లను తయారుచేసే కాలేజీలో నిలబడొచ్చు, అదీ నా ఆశ. అంతకు మించి ఏ ఆదర్శమూ లేదు. ఫారం నింపాలి, ఫొటోలు దిగాలి, జిరాక్సుల మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించాలి, చలానా కట్టి గడువులోగా పోస్టు చేయాలి. ఫారం తెచ్చిన రోజు పెద్దమ్మకు చూపించాను. హైదరాబాదా, ఎన్నాళ్లు, అని మాత్రం అడిగింది. సరిగ్గా వారానికి ఆమెకు నడుం పట్టేసింది. లేవలేదు, కూర్చోలేదు. పది రోజులు హాస్టలు రొట్టెలన్నీ నేనే తట్టాను. పొద్దున రొట్టెలు, పగలు బడి, సాయంత్రం ఆమె నడుముకు ఆముదం కాచి రుద్దడం. దవాఖానకు పోదామంటే సూదులంటే భయమంది. పదకొండో రోజు లేచి కూర్చుంది. గడువు తొమ్మిదో రోజుకే పోయింది. ఫారం అలమరలో గిన్నెల కింద పరిచే కాగితమైంది. నేను ఏడ్చాను, ఆమె నా తలకు నూనె రాసింది.

మరుసటి ఏడు పట్టుబట్టి ముందే అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఉద్యోగంలో చేరకముందు తీయించి ఉంచుకున్న జిరాక్సుల మీద పశువుల దవాఖాన డాక్టరు ఆకుపచ్చ సిరాతో సంతకాలు చేశాడు. బర్రె మూతి పట్టుకున్న చెయ్యి కడుక్కోకుండానే చేశాడు, పేడ వాసన పోస్టులో హైదరాబాదు దాకా పోయి ఉంటుంది. మహబూబ్‌నగర్‌లో పరీక్ష రాశాను, ర్యాంకు వచ్చింది. ఒరిజినల్స్ తీసుకుని ఫలానా రోజు హాజరు కావాలని కార్డు కూడా వచ్చింది. సారుతో కొట్లాట తప్పదని ఏం అనాలో నాలుగు రోజులు అద్దం ముందు వల్లె వేసుకున్నాను. తీరా అడిగితే ఆయన లేచి నిలబడ్డాడు, అభినందనలన్నాడు, టీ తెప్పించాడు, బీరువా తెరిచి ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టాడు. "మా బడి పేరు నిలబెట్టమ్మా" అన్నాడు. ఆ బడిలో జీతం పది రోజులు ఆలస్యం కాకుండా ఇచ్చిన నెల లేదు, అలాంటి మనిషి టీ ఇస్తే అనుమానించాలి. నేను అనుమానించలేదు. నా జీవితంలో అనుమానించాల్సిన చోట అనుమానించని రోజు అదొక్కటే.

ఇంటికొచ్చి గర్వంగా కవరు చూపించాను. పెద్దమ్మ పిండి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కాగితాలు ఒక్కొక్కటి బయటికి తీసింది. ముందువైపు చూడలేదు. వెనక్కి తిప్పి ఎండలో పెట్టి చూసింది. అన్నీ చూసి మడిచి కవర్లో పెట్టి, "ఇవి మనవి గావు" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. వెనక మూల మీద మూడు చుక్కలు పెట్టాననీ, ఇప్పుడు లేవనీ చెప్పింది. యూనివర్సిటీ పట్టా మీద జీడి రసం పెట్టావా అని ముందు దానికి అరిచాను. తర్వాత ఇంకోటి తట్టింది. చుక్కలు పెట్టానని ఆమె చెబుతోంది తప్ప నేను ఎన్నడైనా చూశానా? కవరు ఇచ్చింది చదువుకున్న మనిషి. కాదంటున్నది నేను హైదరాబాదు పోతే ఒక్కతే మిగిలిపోయే మనిషి. మనుషులు ఎందుకు అబద్ధాలాడతారో నాకు ఆమే నేర్పింది కాబట్టి ఆ పాఠాన్ని ఆమె మీదే ప్రయోగించాను. "నేను పోతే నీకు రొట్టెలు తట్టేటోళ్లు దొరకరని గిట్ల మొదలువెట్టినవా?" అన్నాను.

ఆమె తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, డిగ్రీ కాలేజీ టీసీని బోర్లా తిప్పి, దాని మీద నా వేళ్లు పెట్టింది. "నాకు సదువు రాదు. నీ చేతికి తెలుస్తది చూడు. మనిషి ఒత్తి రాసిన కాయిదం ఎనక ఎట్లుంటది?"

గుమస్తా బాల్‌పెన్నుతో ఒత్తి నింపిన టీసీ అది, వెనక గింజలు గింజలుగా తగలాలి. నా వేళ్ల కింద నున్నగా జారింది, నూనె రాసిన పీటలాగా. నగరంలో మందపు కాగితం మీద తీయించిన రంగు జిరాక్సు. ముందువైపు నకలు తీశారు, వెనకవైపు ఎవరు చూస్తారనుకున్నారు. వాటిని పట్టుకుని కౌన్సెలింగుకు పోయి ఉంటే సీటు సంగతి అటుంచి, దొంగ సర్టిఫికెట్ల కేసులో నేనే ఇరుక్కునేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం సారు ఇంటికి పోయాం. ఆయన వేపపుల్ల నములుతున్నాడు. నేను నోరు తెరవబోతే పెద్దమ్మ నా మోచేయి గిల్లి, వరండాలో చాప పరుచుకుని కూర్చుంది. "కాయిదాలు ఏడున్నయో తెప్పియ్యి సారూ. అందాక ఈడనే ఉంట. నాకు తొందరేం లేదు, రొట్టెలు తట్టొచ్చిన" అంది. ఆయన ఏవేవో చెప్పాడు, ఆఫీసులో ఎవరో పొరపాటు చేశారన్నాడు, ఇన్‌స్పెక్షన్ అన్నాడు. ఆమె వినలేదు. లోపలి నుంచి అనసూయమ్మ పుంటికూర కట్టలు తెచ్చుకుని వరండాలో కూర్చుంటే, "ఇటియ్యి చెల్లె, ఉత్తగ కూసునుడెందుకు" అని తనూ ఆకులు తుంచడం మొదలుపెట్టింది. ఫీజు కట్టడానికి వచ్చిన తల్లిదండ్రులందరూ ఈ ముసలామె ఎవరని అడుగుతున్నారు. ఎవరు అడిగినా, "మా పిల్ల కాయిదాలు సారు తాన ఉండిపోయినయ్, వస్తయ్ వస్తయ్" అని నవ్వుతూ చెబుతోంది. పదకొండు గంటలకు సారు నాగర్‌కర్నూల్‌కు ఫోను చేశాడు. అక్కడ ఆయన బావమరిది ఒక బడి పెట్టాడు. దానికి గుర్తింపు రావాలంటే బి.ఎడ్. టీచర్లు ఉన్నట్టు చూపించాలి. నేను వనపర్తిలో పాఠాలు చెబుతుంటే, నా కాగితాలు నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం చేస్తున్నాయి. మధ్యాహ్నం దాటాక ఒకాయన స్కూటరు మీద వచ్చి కవరు ఇచ్చాడు. పెద్దమ్మ ప్రతి కాగితం వెనక చూసి, చుక్కలు లెక్కపెట్టుకుని లేచింది.

ఇంటికొచ్చాక నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. ముందురోజు అన్న మాటకు తప్పైందన్నాను. అప్పటికీ ఇప్పటికీ నేను ఎవరితోనైనా తప్పైందని అన్నది ఆ ఒక్కసారే, మా ఇంటాయన సాక్ష్యం చెబుతాడు. కౌన్సెలింగులో కాగితాలు చూసే అధికారి ఆ చుక్కలను భూతద్దం పెట్టి చూశాడు, ఇంకో ఇద్దరిని పిలిచి చూపించాడు, నన్ను ఒక పక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇదేమిటమ్మా అంటే, మా పెద్దమ్మ గుర్తు సార్ అన్నాను. ఎందుకు పెట్టింది అన్నాడు. మీలాంటోళ్లు మార్చేస్తారని అన్నాను. నా అదృష్టం బాగుండి ఆయన నవ్వి ముద్ర వేశాడు. అట్లా నాకు ఎం.ఎడ్. సీటు వచ్చింది.

ఇన్నేళ్లుగా నేను చెప్పిన కథ ఇక్కడితో అయిపోయేది. ఇప్పుడు అనసూయమ్మ చెప్పింది కలపాలి. నేను మొదటిసారి ఫారం తెచ్చిన వారంలోనే పెద్దమ్మ బడికి వచ్చిందట, నేను తరగతిలో ఉన్నప్పుడు. పెళ్లి సంబంధం వాళ్లు చదువు కాయిదాలు అడిగిండ్రని చెప్పి కవరు తీయించి చూసిందట. వెనక్కి తిప్పి చూసి, సారుతో ఒక్క మాట అనకుండా ఇచ్చేసి, వెనకవైపు వంటింట్లో ఉన్న అనసూయమ్మ దగ్గరికి పోయిందట. "అవి మా పిల్లయి గావని నాకెరుకైంది. ఏడనో ఉండే ఉంటయ్ గద? సరె, ఉండనీ. పిల్లకు మాత్రం తెల్వనియ్యకు" అందట. అంతే. ఆ తర్వాతే నడుం పట్టింది.

అంటే ఆ రోజు వరండాలో పుంటికూర తుంచుతూ కూర్చున్న ఇద్దరికీ అన్నీ తెలుసు. తెలియక కాలుకాలిన పిల్లిలా తిరిగింది నేనొక్కదాన్నే. ఇక నడుం నొప్పి. పది రోజులు ఆముదం కాచి రుద్దింది ఈ చేతులే. నొక్కితే అబ్బా అనేది, ఒక్కోసారి నేను ఒకచోట నొక్కితే ఇంకోచోట అబ్బా అనేది. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు పడుకుంటే అదే గుర్తొస్తోంది. మా ఇంటాయన అంటాడు, పోయిన మనిషి నడుం నొప్పిని విచారిస్తావా అని. ఎందుకు విచారించకూడదు? నా ఏడాది అది.

మరి నేను చెప్పుకున్న ఆ తప్పైంది అన్న మాటను ఏం చేయాలి? నా అనుమానం నిజమే కదా. ఆమెకు నేను పోవడం ఇష్టం లేదు, కాగితాలు పోవడం ఆమెకు కలిసొచ్చింది. కానీ మరుసటి ఏడు నేను కవరు తెచ్చి చూపించినప్పుడు ఆమె చేయాల్సిందేమీ లేదు. నడుం కూడా పట్టక్కర్లేదు. బాగుంది బిడ్డా అని కవరు నా చేతిలో పెడితే చాలు, హైదరాబాదులో నేను దొరికిపోయి, తలవంచుకుని వచ్చి, జన్మంతా ఆ పెంకుటింట్లో రొట్టెలు తట్టుకుంటూ ఉండేదాన్ని. ఏడాది పాటు నోరు కట్టుకున్న మనిషి కాగితాలు తిప్పి చూసినంత సేపట్లో నోరు విప్పింది. నేను అనకూడని మాట అంటే, అది సగం నిజమని తెలిసే కాబోలు, కాదని ఒట్టు వేయలేదు. నా చెయ్యి కాగితం మీద పెట్టింది, అంతే. ఏడాదిని క్షమించలేను, ఆ పొద్దును మరవలేను. రెండూ కలిపి ఒకటే మనిషి అనుకోవడం నా వయసుకు కూడా కష్టంగానే ఉంది.

ఇప్పుడు ఎం.ఎడ్. దరఖాస్తంటే ఫోనులోనే అయిపోతుంది. పశువుల డాక్టరు సంతకం అక్కర్లేదు, పోస్టు గడువు లేదు, సర్టిఫికెట్లు ఎక్కడో ఆకాశంలో కూడా ఉంటాయట. నాకు దాని మీదా నమ్మకం లేదు. సీటు ఇచ్చేముందు ఇప్పటికీ అసలు కాగితమే అడుగుతున్నారు, అది ఇప్పటికీ ఎవరో ఒకరి బీరువాలోనే ఉంటోంది. తాళంచెవి పెట్టుకునేవాళ్లు మాత్రం ప్రేమగలవాళ్లే. అదే చిక్కు.

నిన్న హారికకు ఫోను చేశాను. ఎత్తగానే ఆ పిల్ల, "మా నాయనమ్మ మీ ఇంటికొచ్చిందంట గద మేడం" అంది. వచ్చిందన్నాను. "ఆమె చెప్పమన్నది చెప్తరా, మీకు తోచింది చెప్తరా?" అంది. ఆమె చెప్పమన్నదానికి ఉల్టా చెబుతున్నా, ఈ ఏడే పో, ఒక్క రోజు కూడా ఆగకు అన్నాను. "సరే మేడం" అంది సాగదీస్తూ. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నేను అసలు విషయానికి వచ్చాను. నీ ఒరిజినల్స్ ఎక్కడున్నాయి, నాయనమ్మ బీరువాలోనేనా, చూసుకుని ఎన్నాళ్లయింది అని అడిగాను.

"ఆమె పండ్లు కొన్ననాడే నాకు డౌటొచ్చింది మేడం" అంది హారిక. "ఆమె గద్వాలకు బస్సెక్కిన పూటనే తీసి మా దోస్తు ఇంట్ల పెట్టిన."

మంచి పని చేశావన్నాను. ఊరుకోవచ్చు కదా, అలవాటు చొప్పున ఏ దోస్తు అని అడిగాను.

"అది మీకెందుకు మేడం" అంది.